నర్సమ్మత్తయ్య కట్టిన ముడి

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. బాపట్లలో ఆహార పదార్థాల చదువు ముగించుకుని రేపల్లెలో మా ఇంటికి వచ్చిపడ్డ ఆ రోజుల్లో, అన్నం ఎందుకు ఉడుకుతుందో కూడా మా అమ్మకు శాస్త్రప్రకారం వివరించేదాన్ని. (అమ్మ అంతా విని, “సరే, ముందు ఆ గంజి వార్చు” అనేది.) అలాంటి నన్ను వెతుక్కుంటూ ఉద్యోగం వచ్చింది. తెనాలిలో మెస్సు నడిపే మా బాబాయ్, బాపట్లలో బిర్యానీ హోటలున్న ఆయన స్నేహితుడు (నాకు బిర్యానీ అన్నయ్య) కలిసి నేరేడు పళ్లతో వైను చేసే చిన్న వైనరీ పెడదామనుకున్నారు. తయారీకి మేమిద్దరం. చదువుకున్నదాన్ని గనక నేను, చెయ్యడం వచ్చు గనక మా పక్కింటి నర్సమ్మత్తయ్య. మా నానమ్మకు వైన్ అంటే రోడ్డు మీద ‘వైన్స్’ అని రాసుండే బోర్డే తెలుసు. “ఆ మగాళ్ల మధ్య కౌంటర్లో కూర్చుంటావటే?” అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం చుట్టాలందరికీ జ్యూసు కంపెనీ అని చెప్పుకుని గట్టెక్కాడు.

నర్సమ్మత్తయ్య ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ప్రతి క్రిస్మస్‌కీ ద్రాక్షతో వైను పెట్టి చర్చి వాళ్లకీ, మతంతో పనిలేకుండా వీధిలో వాళ్లందరికీ తలా చిన్న గ్లాసుడు పంచేది. తను మాత్రం చుక్క ముట్టేది కాదు. వాసన చూసేది, అంతకంటే ముందు వినేది. పాత స్టెతస్కోప్ చెవులకు తగిలించుకుని జాడీకి ఆనించి, “ఇంకా బుసబుసమంటోంది, నాలుగు రోజులు ఆగాలి” అనేది. నాకు నవ్వు ఆగేది కాదు. నా దగ్గర తీపి ఎంతుందో కొలిచే గాజుగొట్టం ఉంది, నోటు పుస్తకం ఉంది, అన్నిటినీ మించి తెల్లకోటు ఉంది. బాబాయ్ వాళ్లకు రుచి చూపించడానికి ఇద్దరం అత్తయ్య ఇంట్లోనే ఒకేలాంటి జాడీల్లో చెరొకటి పెట్టాం. అత్తయ్య తన జాడీ మూతికి పాత చీర గుడ్డ కట్టి ఓ మూల వదిలేసింది. నేను నాదానికి ‘ప్రయోగం – 1’ అని కాగితం అంటించి, రోజుకు నాలుగుసార్లు మూత తీసి కొలిచాను. “అమ్మాయ్, జ్వరం చూడ్డానికి నిద్రపోయే పిల్లాణ్ని ఇన్నిసార్లు లేపుతారటే?” అంది అత్తయ్య. ఆ మాటను నేను పుస్తకంలో రాసుకోలేదు.

తెనాలి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే, అత్తయ్య స్నానానికి వెళ్లినప్పుడు నా జాడీ మూత తీశాను. వాసనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రోజూ నాలుగేసిసార్లు గాలి తగిలి నా వైను పుల్లటి వెనిగరైపోయింది. ఆ క్షణంలో నేను చేసిన పని ఇన్నేళ్ల తర్వాత కూడా గొంతు తగ్గించే చెబుతాను. నా కాగితం ఊడదీసి అత్తయ్య జాడీకి అంటించాను. ఆవిడ గుడ్డ విప్పి నాదానికి కట్టి, నా మూత ఆవిడదానికి పెట్టాను. అంతే, గభాలున బయటికొచ్చి గుమ్మంలో ముగ్గు చూస్తూ నిలబడ్డాను. (ఆ రోజు అక్కడ ముగ్గే లేదు.) రైల్లో దారి పొడుగునా ఆ పాడైన జాడీని అత్తయ్య ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ స్టేషన్లు లెక్కపెట్టాను.

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక మెస్సులో కూర్చున్నాం. బాబాయ్ నా కాగితమున్న జాడీలోంచి రెండు చుక్కలు అరచేతిలో వేయించుకుని, సాంబారు రుచి చూసినట్టు నాకాడు. కళ్లు మూసుకున్నాడు. “అబ్బ! చదువంటే ఇదిరా” అన్నాడు. బిర్యానీ అన్నయ్య రెండుసార్లు గ్లాసు నింపుకుని, “ఇందులోకి నంజుకోడానికేం పెడదామండీ?” అని అప్పుడే వ్యాపారంలోకి దిగిపోయాడు. తర్వాత గుడ్డ కట్టిన జాడీ. బాబాయ్ ముఖం ముడుచుకుపోయింది. “ఏంటక్కయ్యగారూ, ఇట్టా వచ్చింది?” అన్నాడు. అత్తయ్య ఆ గుడ్డ వంక ఓసారి చూసి, “పెద్దదాన్నయిపోయాను కదయ్యా” అంది. బిర్యానీ అన్నయ్య మంచి మనిషే, నెమ్మదిగానే అన్నాడు: “అయితే అమ్మాయి ఒక్కతే చూసుకుంటుంది లెండి. మీకెందుకండీ ఈ వయసులో శ్రమ?” అత్తయ్య సరేనన్నట్టు తలూపి, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని లేవబోయింది.

నేను అప్పటికే ఏడుస్తున్నాను. “మార్చేశాను బాబాయ్. అది అత్తయ్యది. ఇది నాది” అన్నాను. తెల్లకోటు చేత్తో ముక్కు తుడుచుకున్నట్టు కూడా గుర్తు. అత్తయ్య మళ్లీ కూర్చుంది. “నాకు తెలుసులేవే” అంది. “ఆ ముడి నాది కాదు. ముప్పై ఏళ్లు కట్లు కట్టినదాన్ని, నా ముడి నాకు తెలీదా?”

“మరి చెప్పలేదేంటత్తయ్యా?”

“నువ్వు చెప్తావని చూశాను.”

“చెప్పకపోతే?”

“రేపల్లె దాకా నీతో మాట్లాడేదాన్ని కాదు. ఇంకేం చేస్తాను?”

బాబాయే ముందు నవ్వాడు. బిర్యానీ అన్నయ్య నా వెనిగరును మళ్లీ వాసన చూసి, ఉల్లిపాయ చక్రాల మీద చల్లి కొరికి, ఏకంగా జాడీయే బాపట్ల పట్టుకెళ్లిపోయాడు. లైసెన్సు కోసం తిరిగిన మూడేళ్లూ నేను పెట్టి పంపిన వెనిగరుతో వాళ్ల బిర్యానీ పక్కన ఆ ఉల్లిపాయలే మా కంపెనీ పేరు నిలబెట్టాయి. తర్వాత రేపల్లెలో మూతపడిన రైసుమిల్లు షెడ్డులో నిజంగానే చిన్న వైనరీ పెట్టాం. ఈనాటికీ నడుస్తోంది. అత్తయ్య ఉన్నన్నాళ్లూ రోజూ వచ్చి ప్రతి పీపా దగ్గరా ఆగి వినేది. నేను పక్కన నిలబడి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకునేదాన్ని.

అన్నిటికంటే నాకు తలపుకొచ్చేది ఆ సాయంత్రం తిరుగు రైలు. భట్టిప్రోలు దాటే దాకా వెక్కుతూనే ఉన్నాను. కోటు మడిచి ఒళ్లో పెట్టుకుని, పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, తన బతుకు అక్కడితో అయిపోయిందని గట్టిగా నమ్మి కూర్చున్న పిల్ల. ఇప్పుడు ఆ పిల్ల ఎదుటి సీట్లో కనబడితే ఒక్క మాట కూడా అననండీ. ఓ ఇడ్లీ పొట్లం విప్పి చేతిలో పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంటాను.