ఎల్బీ నగర్‌లో మేనత్త తిన్నదేమిటి

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను చైతన్యపురి స్టేషన్‌లో మెట్రో కోసం నిలబడి ఉన్నాను. మంగళవారం ఉదయం, ఆఫీసుకు అప్పటికే ఆలస్యమైంది. "పొద్దుగాల ఛాయ్ పెట్టుకుందామని లేచింది. స్టవ్ అంటించింది. గట్లనే పీట మీద కూసున్నది. మల్ల లేవలే," అన్నాడు నాన్న. మళ్లీ, "స్టవ్ మీ అమ్మ బంజేసింది," అన్నాడు. ఆ రెండో మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్లిపోయింది. నేను ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయాను.

ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు తిండే గుర్తొస్తోంది. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, పోచంపల్లిలో మా ఇంట్లోనే నలభై ఏళ్లు గడిపిన మనిషి. అన్నేళ్లూ ఆమె పని ఆసు పోయడం. చీరలో బొమ్మ రావాలంటే నేతకు ముందు, అడ్డంగా వచ్చే పేక దారాన్ని ఒక చట్రానికి కొట్టిన మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటు పోయి ఇటు రావాలి. ఆమె కుడి భుజం పూర్తిగా పట్టేసిన ఏడాది మా ఇంటికి ఆసు మిషన్ వచ్చింది. "చెయ్యి ఖాళీనే గదా అక్కా, పట్నంల దుకాణాలకు చీరలు నువ్వు తీస్కపో," అన్నాడు నాన్న. అలా ఆమెకు నగరం దొరికింది.

నెలకు రెండు శనివారాలు చీరల సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చేది, రాత్రి నా దగ్గరే పడుకుని ఆదివారం తిరిగి వెళ్లేది. పెద్ద అంబర్‌పేట్ దాటగానే నాకు ఫోన్. "బిడ్డా, ఒచ్చిన. ఇంకేం తినకు." నేను ఆ ఏళ్లలోనే దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు హాస్టళ్లు మారి, ఒక కోచింగ్ మధ్యలో వదిలేసి, రెండో ఉద్యోగంలో చేరి, కొత్తపేటలో ఒక కిరాయి గదిలోకి వచ్చి పడ్డాను. ఎక్కడా కుదురుగా లేను. నా ప్రతి కొత్త చిరునామానూ ఆమె ఏ తిండి దగ్గరుందో దాన్నిబట్టి గుర్తుపెట్టుకునేది. "గా పునుగుల బండి ఎనక గల్లీ" అంటే నా రెండో హాస్టల్. "చట్నీ నీళ్లలెక్క ఉండేకాడ" అంటే మూడోది.

వారాంతంలో ఇటు వస్తే ఎక్కడ తినాలని మీరెవరినైనా అడిగితే, ఫోన్ తీసి రేటింగ్‌లో ఎన్ని చుక్కలున్నాయో చూసి చెబుతారు. మా మేనత్త లెక్క వేరు. "బోర్డు జూడకు, పెనం జూడు" అనేది. పెనం పక్కన రెండు నిమిషాలు నిలబడేది. దోసె తిప్పేవాడు పిండి గరిట ఎక్కడ పెడుతున్నాడు, చెయ్యి ఎక్కడ తుడుస్తున్నాడు, అన్నీ చూసేది. నచ్చకపోతే ఏదో మరిచిపోయినట్టు నడక మొదలుపెట్టేది. సాయంత్రం మిర్చి బజ్జీ నిలబడే తినాలి, కూర్చుంటే మెత్తబడుతుంది. ఇరానీ ఛాయ్‌కి ఒక్కరు పోకూడదు, చెప్పుకోవడానికి ఇంకొకరుండాలి. మెస్సులో అన్నం రెండోసారి వడ్డించేవాడు మన ముఖం చూడాలి, కంచం మాత్రమే చూస్తే మళ్లీ ఆ మెస్సుకు పోనవసరం లేదు. బిర్యానీ జోలికి మాత్రం వచ్చేది కాదు. నేనొకసారి బలవంతం చేస్తే, "ఇద్దరమే కూసోని బిర్యానీ తింటే దావత్ అయినంక మిగిలిపోయినోళ్ల లెక్క ఉంటది బిడ్డా" అంది.

ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్. అదీ బల్ల దగ్గరికొచ్చి అడిగే చోటు. టోకెన్ తీసుకుని మనమే తెచ్చుకునే చోటికి రానే రాదు. సర్వర్ వచ్చి "ఏం కావాలమ్మా?" అంటే వెంటనే చెప్పదు. "ఏమేమున్నయ్?" అంటుంది. గోడ మీద రాసే ఉంటుంది, ఆమెకు చదవడం వచ్చు, అయినా అతను మొత్తం చెప్పాలి. ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా, మైసూర్ బోండా, అన్ని దోసెల పేర్లూ. అంతా విని, "ఇడ్లీ తే" అంటుంది. ప్రతిసారీ ఇడ్లీయే.

"అత్తా, ఇడ్లీయే చెప్పేదానికి ఆయనతోని అంత పాట ఎందుకు పాడించినవ్?" అన్నాన్నేను ఒకరోజు.

"వాడు అడిగిండు గదనే. అడిగినంక జర సేపు ఉండనియ్యి."

పొగలు కక్కే ఇడ్లీని చిదిమి, ఆ పొగను ముఖం మీదకు రానిచ్చి, అప్పుడు తినేది. "ఇంట్ల నేను తినేటాల్లకు అన్నీ సల్లారిపోతయ్" అనేది, ఫిర్యాదులా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. మా ఇంట్లో ఆమె అందరి తర్వాత తినేది. అలా తినమని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను.

ఇక రెండో సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఈ నాలుగు ముక్కలు రాయడం దొంగతనమవుతుంది.

పోయిన చలికాలం అలాంటి ఒక ఆదివారమే, పక్క బల్ల దగ్గర ఒకావిడ భర్తతో కూర్చుని పూరీ తింటోంది. మా చీర కట్టుకుంది. మా చీరని నాకు తెలియదు, మేనత్తకు తెలిసింది. లేచి వెళ్లి ఆవిడ కొంగు చేతిలోకి తీసుకుంది.

"గీ చీర మాదే బిడ్డా! గీ ఏనుగు జూడు, తొండం కాడ జర వంకరవోయింది. గది నా చేతి తప్పే. ఆసు పోసేటప్పుడు ఒక్క చుట్టు తక్కువైంది. మగ్గం మీదికి పోయినంకగానీ తెల్వలే."

ఆవిడ పూరీ ముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏంటండీ? అంటే మాకు డ్యామేజ్ పీస్ అంటగట్టారా?"

"డ్యామేజ్ కాదమ్మా, చేత్తోని చేసింది గదా. గా వంకర లేకుంటే మాదని నేనెట్ల గుర్తుపడ్త?"

"చూశారా, నేను చెప్తూనే ఉన్నా, ఆ షాపు వద్దని" అని ఆవిడ భర్త మీద పడింది. ఆయన "అమ్మా, కొంగు వదిలితే ఆవిడ తింటుందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. మేనత్త కూడా నవ్వుతూ వచ్చి కూర్చుంది. ఏళ్ల కింద ఇంట్లోంచి వెళ్లిపోయిన పిల్ల మళ్లీ కనబడినట్టు ఆ ఏనుగు వంకే చూస్తోంది. వెనక బల్ల దగ్గర మా ఆఫీసమ్మాయి ఒకతె ఉంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపింది. నేను ఇడ్లీలోకి తల దించుకున్నాను.

అక్కడి నుంచి నాకు శనివారాలు బరువయ్యాయి. ఆ తర్వాతి నెల ఆఫీసు వాళ్లంతా ఆదివారం మధ్యాహ్నం పెద్ద అంబర్‌పేట్ దగ్గరి ఒక గార్డెన్ రెస్టారెంట్‌కి పోదామనుకున్నారు. మేనత్త ఫోన్ చేస్తే, "ఈ వారం రాకు అత్తా, నేను ఫ్రెండ్ పెళ్లికి వరంగల్ పోతున్న" అన్నాను. "మంచిగ పోయి రా. పెండ్లిల అన్నం పైలంగ తిను, సాయంత్రం దాక ఉంచుతరు" అంది.

ఆ ఆదివారం ఎల్బీ నగర్‌లో ఆఫీసు వాళ్ల కారు ఎక్కాలి. మెట్రో దిగి మెట్ల మీద ఉన్నాను. కింద, సర్వీసు రోడ్డుకు అవతల, పళ్లు పేర్చిన ఒక జ్యూస్ దుకాణంలో మేనత్త కూర్చుని ఉంది. ఒక్కతే. దుకాణాలకు చీరలిచ్చేందుకు వచ్చిందన్నమాట. రాత్రి ఎక్కడ పడుకుందో ఇప్పటికీ తెలియదు, పొద్దుటి బస్సుకు వచ్చిందేమో. బత్తాయిల గుట్ట వెనక ఆమె తల, చెంచా పట్టుకున్న చెయ్యి మాత్రమే కనబడుతున్నాయి. చెంచా కిందికి పోయి పైకి వస్తోంది. ఎంతో నిమ్మళంగా తింటోంది. నాతో ఉన్నప్పుడు చల్లటిది ఏదీ ముట్టేది కాదు, పళ్లు జివ్వుమంటాయనేది. మరి ఏం తింటోంది?

పది మెట్లు దిగి, ఆ చిన్న రోడ్డు దాటితే తెలిసేది. నేను స్తంభం చాటుకు జరిగాను. కారు రాగానే రెండో వైపు మెట్లు దిగి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆమె రాలేదు. చీరలు నాన్న తేవడం మొదలుపెట్టాడు. ఫోన్ చేస్తే, "ఇంట్ల పనివడ్డది బిడ్డా. నీకు తీరినప్పుడు చెప్పు, ఒస్తా" అంది. నాకు తీరిందని నేను చెప్పలేదు. మరో రెండుసార్లు కూడా అదే మాట అంది. నేను "చెప్తా" అన్నాను. ఆ తర్వాతి ఫోన్ నాన్నది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా జరిగితే, పిట్ట వచ్చి ముట్టాక ఇంటివాళ్లు తింటారు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి నాన్నను అడిగింది, "మీ అక్కకు ఏమిష్టముండె?" నాన్న చిన్నాన్నను చూశాడు. చిన్నాన్న, "ఆమెకేమిష్టం, ఏది పెడ్తే గది తింటుండె" అన్నాడు. ఎవరూ కఠినంగా అనలేదు. నిజంగానే ఎవరికీ తెలియదు. నలభై ఏళ్లు ఆమె చేతి వంట తిన్న ఇల్లు.

"పట్నంల నీ తోని తింటుండె గదనే, నీకెరుక. చెప్పు" అంది అమ్మ.

"ఇడ్లీ" అన్నాను. "ఛాయ్. మిర్చి బజ్జీ."

పెట్టారు. కాకి ఎంతోసేపు ఆగకుండానే వచ్చి ఇడ్లీ ముక్క ఎత్తుకుపోయింది. "సూశినవా, తృప్తి అయింది ఆమెకు. పిల్ల ఉండవట్టి తెలిసింది" అని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఆ విస్తరి వంక చూడలేకపోయాను. ఇడ్లీ ఆమె నాతో కూర్చున్నప్పుడు తిన్నది. ఒక్కతే ఉన్నప్పుడు, ఎవరికోసమూ కాకుండా తన కోసం చెప్పుకున్నదేదో ఆ విస్తట్లో లేదు. అది తెలుసుకునే అవకాశం లోకంలో ఒక్క మనిషికే వచ్చింది. ఆ మనిషి స్తంభం చాటుకు జరిగింది.

మొన్న ఆదివారం ఎల్బీ నగర్ వెళ్లాను. జ్యూస్ దుకాణాయన మిక్సీ తిప్పుతున్నాడు. ఫోన్‌లో ఫొటో చూపించి, ఈమె గుర్తుందా అని అడిగాను. అతను ఫోన్ దగ్గరికి తీసుకుని చూశాడు.

"గీ అమ్మనా? ఎరుకలేకేంది! సంచి ఒళ్లె పెట్టుకోని కూసుంటది. ఎందుకు రాట్లే ఈ నడుమ, పానం బాగలేదా?"

"పోయింది అన్నా. పన్నెండు రోజులైంది."

అతను మిక్సీ ఆపేశాడు. జ్యూస్ కోసం నిలబడ్డ ఒకాయన "జల్దీ భాయ్" అన్నాడు. ఇతను వినలేదు. "అయ్యో" అన్నాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ "అయ్యో" అన్నాడు.

"ఆమె మీ దగ్గర ఏం తింటుండె అన్నా?"

"ఫలూదా. ఇంకేంది! ఐస్ తక్కువ, సేమియా జర ఎక్కువ. ఏమేమున్నయ్ అని అన్నీ చెప్పిచ్చుకుంటది, మల్ల ఫలూదానే అంటది. ఎన్నేండ్ల సంది ఒస్తుంది! దీని కోసమే ఒక బస్సు ఇడిశిపెడ్తుండె."

ఎన్నో ఏళ్లుగా. అంటే, ఆమె వచ్చిన ప్రతి ఆదివారం నేను ఆమెను ఇక్కడి బస్టాపు దగ్గర వదిలి, పోతున్న అత్తా అని మెట్రో మెట్లెక్కిన తర్వాత. ఆ అరగంట ఆమెది. అందులో నేను లేను. ఆ రోజు ఆమె ఒంటరిగా కూర్చున్నది నా అబద్ధం వల్లేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. కొంచెం తేలికగా అనిపించింది, వెంటనే ఎందుకో ఇంకా ఖాళీగా అనిపించింది.

"నాకూ ఒకటియ్యి అన్నా. అట్లనే."

"కూసో చెల్లె. గా గోడకాడి కుర్చీ ఆమెదే. ఎవలన్న కూసుంటే లేసేదాక నిలబడేది, ఇంకో కుర్చీల మాత్రం కూసోకపోయేది. ఎందుకమ్మా అంటే, గీడికెళ్లి మా కోడలు మెట్లెక్కేది కనవడ్తది అంటుండె." ఒక్క క్షణం నన్ను చూశాడు. "నువ్వేనా గా కోడలు?"

తలూపాను.

గోడ దగ్గరి కుర్చీలో కూర్చున్నాను. పొడవాటి గ్లాసు తెచ్చి పెట్టాడు. అడుగున గులాబీ రంగు, పైన తెలుపు, మధ్యలో సేమియా చాలా ఎక్కువ. మొదటి చెంచాకే పళ్లు జివ్వుమన్నాయి. తల ఎత్తాను.

బత్తాయిల గుట్ట మీదుగా మెట్రో మెట్లు మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తున్నాయి. అడ్డం ఏమీ లేదు. స్తంభం ఉంది గానీ, ఇటు నుంచి చూస్తే అది మనిషిని దాచేంత వెడల్పు లేదు. దాని పక్కన ఒకమ్మాయి నిలబడి ఎవరి కోసమో చూస్తోంది. గాలికి ఆమె ముఖం మీద జుట్టు పడుతోంది, తీసి చెవి వెనక పెట్టుకుంటోంది. చెవికున్న చిన్న ఎర్రరాయి కూడా ఇక్కడికి కనబడుతోంది.