బొందలో పోసిన పాలు

నిన్న సాయంత్రం నుంచి మనీషా ఒళ్ళు కాలుతూనే ఉంది. సరోజ తట్టెడు మట్టి పారబోసి వచ్చినప్పుడల్లా తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాల దగ్గర ఆగి, పాప నుదుటికి మోచేయి ఆనించి చూస్తోంది. అరచేతుల నిండా మట్టి. ఆ మట్టితో పిల్లను ముట్టుకోవాలంటే భయం.

బిజినేపల్లి దాటాక జొన్నచేల మధ్య గుండ్రంగా పాతిన బండరాళ్ళున్నాయి. ఊరివాళ్ళు రాకాసి గుళ్ళంటారు. అవి వేల ఏళ్ళనాటి మనుషుల్ని పూడ్చిన బొందలని యూనివర్సిటీ నుంచి వచ్చిన సుహాసిని చెప్పింది. తవ్వకానికి ఊరి ఆడవాళ్ళనే కూలికి పెట్టుకుంది.

సరోజకు మట్టిపని కొత్త కాదు. అమ్మానాన్నల వెంట పుణె వైపు కాలువ పనులకు పోయి, తట్ట మొయ్యడం అక్కడే నేర్చింది. కురుమూర్తితో పెళ్ళయ్యాక మళ్ళీ అక్కడికే పోయింది. మొదటి కొడుకు నాలుగో నెలలో అక్కడే చనిపోయాడు. వాళ్ళ ఇళ్ళల్లో పాలు తాగే బిడ్డ పోతే, మూడోనాడు తల్లి బొంద మీద తన పాలు పిండాలి. లేకుంటే ఆ బిడ్డ ఆకలితో తర్వాతి బిడ్డ మీదికి వస్తుందంటారు. మూడోనాటికి మేస్త్రీ వాళ్ళందరినీ లారీ ఎక్కించి ఇంకో పనికి తీసుకుపోయాడు. ఆ కాలువ గట్టు ఎక్కడుందో ఇప్పుడు సరోజకు తెలియదు. మనీషా పుట్టాక ఆమె వలస పోనని మొండికేసింది. కురుమూర్తి ఒక్కడే పోతున్నాడు.

నిన్న మట్టి దులుపుతుంటే సరోజ కుంచె కిందే ఒక కుండ బయటపడింది. లోపల అగ్గిపుల్లల్లాంటి పక్కటెముకలు.

"పసిబిడ్డ!" అంది సుహాసిని సంబరంగా. "ఎవరూ ముట్టొద్దు. రేపు ఎముక తీసి ల్యాబ్‌కు పంపుతా. ఇప్పటి మనుషులకూ వీళ్ళకూ చుట్టరికం ఉందో లేదో తెలుస్తుంది."

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి మనీషాకు జ్వరం.

"సిరప్ పోసినవా?" తట్ట అందిస్తూ అడిగింది తోటి కూలి సారమ్మ.

"పోసిన పెద్దమ్మా, దిగుతలేదు. ఆ కుండల ఉన్న బిడ్డకు పాలు పోసిన్రో లేదో."

"ఎప్పటిదో దానికి నీకేంది పరేషాన్? వాళ్ళమ్మ సూస్కుంటది."

"వాళ్ళమ్మను గూడ తవ్వుతున్నం గద."

సారమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా పాస్టరు వింటే నన్ను చర్చిల అడుగు పెట్టనియ్యడు గానీ, మా అమ్మ గూడ పోసేది."

చాయ్‌కి అందరూ టార్పాలిన్ నీడకు పోయారు. సరోజ గుంతలోకి దిగి, కుండ మీది కవరు ఎత్తి, అటు తిరిగి కూర్చుని పాలు పిండింది. తెల్లటి చుక్కలు ఎముకల మీద పడి మట్టిలోకి ఇంకిపోయాయి.

"ఎవరు నీళ్ళు పోసింది?" చేతులకు గ్లౌజులు తొడుక్కుని వచ్చిన సుహాసిని గట్టున నిలబడి అరిచింది.

"నీళ్ళు గాదు మేడం. పాలు. నావే." సరోజ కొంగు సర్దుకుంది.

సుహాసిని గట్టు మీద కూలబడింది. "దీని పర్మిషన్ కోసం ఎన్ని ఆఫీసులు తిరిగాను సరోజా! నీ ఒంటి ఆనవాళ్ళు దీనికి అంటుకున్నాయి. ఇప్పుడు పరీక్ష చేస్తే, ఈ బిడ్డకు తల్లివి నువ్వేనని చెప్తుంది మిషన్!"

ఆకలి తీర్చి పంపిద్దామనుకుంది సరోజ. ఇప్పుడు ఆ బిడ్డ తనదేనని మిషన్ రాసిస్తుందా? పరుగున పోయి మనీషాను ఉయ్యాలలోంచి ఎత్తుకుంది. వెనకే వచ్చిన సుహాసిని పాప మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. ఆమెకూ ఇంట్లో రెండేళ్ళ కొడుకున్నాడు.

"ఇంత జ్వరమా! జీపెక్కు."

సర్కారు దవాఖానలో డాక్టరు గొంతు చూసి, గొంతు వాచిందని మందు రాశాడు. జీపులో తిరిగి వస్తుంటే సరోజ అడిగింది. "మేడం, మిషన్ నిజంగనే గట్ల చెప్తదా?"

"లేదు. కోపంలో అన్నాను. కుండలో ఓ పక్క ఒక ముక్క తడవలేదు. అదొక్కటి పంపితే చాలు."

"పంపకుండ్రి."

"పంపాలి సరోజా. నేను వచ్చిందే దానికోసం."

"గట్లయితే పాప జ్వరం దిగినంకనే పంపుండ్రి. అప్పటిదాంక ఆ కుండను గాడనుంచి కదిలియ్యకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

సుహాసిని పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "సరే," అంది. "రోజూ ఫోన్ చేసి కనుక్కుంటా."

మూడోరోజు పొద్దున్నే ఫోను మోగింది.

"జ్వరం ఎలా ఉంది? దిగిందా?"

మనీషా చాప మీద బోర్లాపడి, గిన్నెను నేలకేసి కొడుతోంది. సరోజ వంగి నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. మెడ కింద చూసింది. అక్కడా చల్లగానే ఉంది.

"ఇంక జర ఉన్నది మేడం," అంది సరోజ.