ఎర్రయ్య మావ వక్కకాయల తట్ట

ఎర్రయ్య మావ చెవిలో గంగమ్మ తల్లి ఏమీ చెప్పలేదు. ఆ రోజు ఆ పడవలో నేనున్నాను. ఆవిడ కూడా ఉండి ఉంటే, నా నోటి ధాటికి ఒక్క మాట చెప్పే సందు దొరికేది కాదు. అయినా జెట్టీ దగ్గర గైడ్లందరూ ఆ కథే చెబుతారు. ఆయన పోయాక పెట్టిన సంతాప సభలో పెద్దమనుషులూ అదే చెప్పారు. మొన్న గోల్ ఘర్ పేటలో కూరగాయల సంచీతో నడుస్తున్నాను. ఎవరో డాబా మీద వక్కకాయలు ఆరబోశారు. చినుకులకు తడిసిన తొక్కల మీద ఎండ పడి, పులిసిన తీపి వాసన ఒకటి వీధిలోకి దిగింది. నా కుడిచెయ్యి దానంతట అదే పిడికిలి బిగించుకుంది. సంచీ జారి టమాటాలు దొర్లాయి. పక్కనే ఒక గైడు తన గుంపుకి చెబుతున్నాడు: "దేవీ నే కాన్ మే బోలా, రుక్ జా ఎర్రయ్యా, ఏక్ ఆద్మీ కమ్ హై!" ఆగు, ఒక మనిషి తక్కువున్నాడని అమ్మవారే ఆయన చెవిలో చెప్పిందట. టమాటాలు ఏరుకోవడం మానేసి అతనితో తగువు పెట్టుకున్నాను. "దీదీ, అప్పుడు మీరున్నారా ఏంటి?" అన్నాడు. ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

ఎర్రయ్య మావ మాకు చుట్టం కాదు. లంబాలైన్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు, ఆ వరసన నాకు మావ అయ్యాడు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున పుట్టి, మీసాలు రాకముందే ఓడెక్కి ఈ దీవులకు వచ్చి, ఏళ్ళ తరబడి వల లాగి, నడుము పట్టేశాక తన డోంగీకి బల్లలు బిగించి, చూడవచ్చినవాళ్ళని తిప్పడం మొదలుపెట్టాడు. డోంగీ అంటే మా దగ్గర చిన్న ఇంజను పడవ. సిప్పీఘాట్ దాటి మడ అడవి మధ్య పాయలోకి పోతే చివర ఒక వక్కతోట, అందులో లవంగం, మిరియం, దాల్చిన. తోట వెనక తెల్లవాళ్ళ కాలం నాటి సున్నపు బట్టీ, కప్పు లేని బంగళా. దారిలో అదృష్టం ఉంటే మొసలి, లేకపోతే లకుముకి పిట్ట. అదృష్టం అనేది పర్యాటకుల మాట. మావ ఆ మాట వింటే నీళ్ళలోకి ఉమ్మేసేవాడు.

చరిత్రలో బి.ఏ. చేసి, ఉద్యోగం రాక, ఇంట్లో పొద్దుటా సాయంత్రం అమ్మతో వాదిస్తూ ఉన్న రోజుల్లో ఆయనే వచ్చి పిలిచాడు. "మీయమ్మతో దెబ్బలాడే బదులు నా పడవలో కూకుని దెబ్బలాడొచ్చు గదేటే పిల్లా? ఇంగిలీసోళ్ళొస్తే నానేటి సెప్పగలను?" మొదటి రోజే సున్నపు బట్టీ ముందు నిలబడి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. దాన్ని కట్టించిన దొర పేరు, హోదా, అన్నీ. తిరుగు ప్రయాణంలో మావ అడిగాడు.

"ఆ బట్టీ ఎవులు కట్టారన్నావు?"

"బ్రిటిష్ వాళ్ళు మావా."

"తట్టలు ఆళ్ళే మోసారేటి?"

"ఖైదీలతో మోయించారు. అది అందరికీ తెలిసిందే కదా."

"తెలిసిందయితే సెప్పడానికి నోరు నొప్పేటి? సరే, ఆ తోట నాటిన ముసిలాయన నీ ఎదరే నిలబడ్డాడు. అడివి నరికి, మలేరియాతో వణుకుతా నాటాడాయన. పేరు అడిగావా? సచ్చిపోయిన దొర పేరు గడగడా వచ్చేసింది గానీ."

రాతపూర్వకమైన ఆధారం లేకుండా చరిత్ర ఉండదని జెట్టీ దాకా వాదించాను. మర్నాడు మాత్రం తోటలో దిగగానే ముసలాయన దగ్గరికి వెళ్ళి పేరు అడిగాను. ఆ సంగతి మావకి చెప్పలేదు. ఓడిపోయినప్పుడు చెప్పుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇక వక్కకాయల సంగతి. మావ పడవలో తలలు లెక్కపెట్టకూడదు. సముద్రంలోకి దిగే మనుషుల్ని వేలెత్తి లెక్కపెడితే గంగమ్మ కూడా లెక్కపెట్టుకుంటుందని వాళ్ళ ఒడ్డు నమ్మకం. అందుకని పడవ ఎక్కేటప్పుడు మనిషికొక వక్కకాయ చేతిలో పెట్టేవాడు. తోట చూసి తిరిగి ఎక్కేటప్పుడు దాన్ని తట్టలో వేసి కూర్చోవాలి. ఇచ్చిన కాయలన్నీ తట్టలో పడితేనే ఇంజను వేస్తాడు. నాకూ ఒకటి ఇచ్చేవాడు. నెలా రెండు నెలలు వేశాను. తర్వాత ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"తలలు లెక్కపెడితే పోయేదేముంది మావా?"

"మాయన్నలు తెప్పలెక్కిన పొద్దు ఒకాయన లెక్కెట్టాడు. సాయంత్రం ఒడ్డుకి ఎంతమంది ఒచ్చారో నాను సూసాను."

"అది తుఫాను పని. లెక్కకేం సంబంధం?"

"తుఫాను పనే. కాదన్నానేటి? అయినా నాను లెక్కెట్టను."

కాదంటే వాదించవచ్చు. ఔనని కూడా మానకపోతే ఏం చెయ్యాలి? ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి పడవ జెట్టీ దాటగానే నా కాయని మెల్లగా నీళ్ళలోకి జారవిడిచేదాన్ని. నేను ముందు బల్ల మీద, ఆయన వెనక చుక్కాని దగ్గర. నన్ను చూడటం లేదనుకున్నాను. పడవ నడిపేవాడు ముందుకే చూస్తాడన్న సంగతి మా బి.ఏ.లో చెప్పలేదు. తిరిగి ఎక్కేటప్పుడు తట్టలో ఒకటి తక్కువవుతుంది, ఆయన అడుగుతాడు, అప్పుడు అందరి ముందూ ఈ మూఢనమ్మకాన్ని కడిగిపారేద్దామని ఎదురుచూశాను. అడగలేదు. రోజూ తట్ట చూసేవాడు, ఇంజను వేసేవాడు. ఆ అడగకపోవడం నాకు మరీ మంటగా ఉండేది.

అలా ఒక నెల గడిచింది. ఆ రోజు మా పడవలో పదకొండు మంది. మూడు కుటుంబాలు, మెడలో దుర్భిణి వేసుకుని ఒంటరిగా వచ్చిన ఒక పెద్దాయన. ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, ఆయనతోనూ ఎవరూ మాట్లాడలేదు. తోట, బట్టీ, బంగళా చూపించి అందరినీ ఒడ్డుకి నడిపించాను. పాయలో నీళ్ళు తీస్తున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది. మధ్యాహ్నం కొందరికి ఓడ ఉంది. మావ తట్ట ముందు గొంతుక్కూర్చుని లేవడం లేదు.

"ఒకటి తక్కువుంది," అన్నాడు.

ఇన్నాళ్ళకి దొరికిందిలే నన్ను దులపడానికి, అనుకున్నాను. సిద్ధంగానే ఉన్నాను. "అది నాదే మావా. పొద్దున్నే నీళ్ళలో పడేశాను. కావాలనే పడేశాను. చలో, ఇంజను వెయ్యి."

ఆయన కదల్లేదు. టోపీ పెట్టుకున్న ఒకాయన లేచి, "పాగల్ హో క్యా భయ్యా? ఏక్ సుపారీ కే లియే?" అని అరిచాడు. నేను ఆయన పక్షమే చేరాను. వక్కకాయకున్న విలువ మనుషుల టైముకి లేదా అన్నాను. అర్థం లేని భయాలు మోసుకుంటూ ఇంత దూరం ఓడెక్కి రావడం దేనికన్నాను. అన్నలు పోయిన మనిషిని అన్నాను ఆ మాట.

మావ లేచి నా దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "నీది కాదే. నువ్వు జెట్టీ దాటగానే ఇసిరేత్తావని నాకు తెల్దేటి? నెల్రోజులై నీది లెక్కలో ఏసుకోడం నేదు. ఇది ఇంకెవలిదో."

వెనక్కి తిరిగి బల్లల వైపు చూశాను. లెక్కపెట్టబోయిన వేలు సగం లేచి ఆగిపోయింది. చివరి బల్ల మీద ఒక నీళ్ళ సీసా ఉంది, పక్కన మనిషి లేడు. ఒంటరిగా వచ్చినవాడు కదా, ఆయన లేడని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

తోటంతా పరిగెత్తాను. పిలుద్దామంటే ఆయన పేరు తెలియదు. "సార్! సార్!" అని అరిచాను. ఆ అడవిలో అంతకంటే పనికిమాలిన పిలుపు లేదు. బట్టీ వెనక, మడ చెట్ల మధ్య మావే కనిపెట్టాడు. లకుముకి పిట్ట వెనక వెళ్ళి నడుము దాకా బురదలో దిగిపోయి, ఒక వేరుని కావలించుకుని ఉన్నాడాయన. అరిచి అరిచి గొంతు పోయింది. మావ, తోట ముసలాయన కలిసి బురద మీద వక్కమట్టలు వరసగా పరిచి, వాటి మీద పాకుతూ వెళ్ళి లాగారు. ఒడ్డుకి వచ్చాక పిడికిలి విప్పితే అందులో వక్కకాయ ఉంది. ఆయన దిగబడిన చోటికి పది బారల దూరంలో బురద మీద ఏదో బరువైనది పొట్ట ఈడ్చుకుంటూ పోయిన జాడ, ఇంకా తడి మెరుస్తూ. మావ దాన్ని చూశాడు, నేను చూశాను. ఇద్దరం ఎవరికీ చెప్పలేదు.

నీళ్ళు పోయాయి. సాయంత్రం పోటు వచ్చేదాకా పడవ కదల్లేదు, ఓడ తప్పిపోయింది. జెట్టీ మీద అధికారి ఒకాయన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. గుంపుని నడిపించింది ఎవరని అడిగాడు. నడిపించింది నేను. మావ ముందుకొచ్చి, "లెక్క నాది సాబ్. గల్తీ మేరా," అని తప్పు తన మీద వేసుకున్నాడు. ఆ సీజనంతా ఆయన పడవకి అనుమతి ఆపేశారు. నా జీవితంలో నోరు పెగలని సందర్భం అదొక్కటే. అది మాట్లాడవలసిన సందర్భం.

ఆ నెలల్లో ఆయన అరుగు మీద పాత వలలు బాగుచేస్తూ కూర్చునేవాడు. రోజూ వెళ్ళేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి ఒక మాట అడిగాను. ఆయన నా ముఖం కేసి చూసి, "ఈ కొస గట్టిగా అట్టుకో," అని వల చివర నా చేతిలో పెట్టాడు.

తర్వాత సునామీకి సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన సముద్రం వెనక్కి పోలేదు. ఆ తోట కూడా ఉప్పునీటికి చచ్చిపోయింది, ఇప్పుడక్కడ మొండి వక్కమానులు. నేను ఇంకా గుంపుల్ని తిప్పుతున్నాను, వేరే తోటలకి. లైఫ్ జాకెట్లు, పేర్ల జాబితా, అన్నీ ఉన్నాయి. అయినా మనిషికొక కాయ ఇస్తాను. కుర్రగైడ్లు నవ్వుతారు, నవ్వనీ. నా కాయ తట్టలో అందరికంటే చివర, నేనే వేస్తాను. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో కూడా కుదురుగా కూర్చోలేను, ఒంటరిగా వచ్చినవాళ్ళు ఎక్కడున్నారా అని కళ్ళు వెతుకుతూనే ఉంటాయి.

మావ జవాబు చెప్పకుండా దాటవేసిన ఆ మాటని, ఆయన పోయాక ఆయన భార్యని, అంటే మా అత్తని అడిగాను. అత్త పకపకా నవ్వింది. "నీ నోరు ఇనబడకపోతే పడవంతటికీ తెల్దేటే?" అంది. బాగానే ఉంది, కానీ అది అత్త జవాబు. నాకు కావలసింది ఆయనది. లెక్కలోంచి నన్ను తీసేసిన ఆ నెల రోజుల్లో ఏదో ఒకరోజు, ఆ పెద్దాయనకి బదులు నేనే ఆ బురదలో ఉండిపోతే, నీ తట్ట నిండే ఉండేది కదా మావా. అప్పుడు ఇంజను వేసేవాడివా, ఆగేవాడివా?