తెల్లకణాలు పెరిగాయని ఏడ్చి నవ్విన రోజు

మా అక్క మొగుడు నాయుడు బావది ఎలమంచిలి దగ్గర చెరకు సాగు. రక్త క్యాన్సర్ అని తేలిన రోజు, జబ్బు లొంగేదాకా చేప ముట్టనని అమ్మవారికి మొక్కుకున్నాడు. పులుసు లేనిదే కంచం ముందు కూర్చోని మనిషి! చిన్న మోతాదులో ఇచ్చిన సూదిమందు పనిచేసిందో లేదో తెలుసుకోవడానికే ఈ విశాఖ ప్రయాణం.

పొద్దున ఏడింటికి ప్యాసింజర్ ఎక్కాం. గంటన్నర ప్రయాణం, టికెట్టు టీ టిఫిన్ ఖర్చంత కూడా లేదు. అనకాపల్లి దాటాక, ముందురోజు ఇచ్చిన రక్తపరీక్ష రిపోర్టు నా ఫోన్‌కి వచ్చింది. నా మొహం చూసి బావ పట్టేశాడు.

"ఏటి బామ్మర్దీ, తెల్లకణాలు పెరిగాయేటి?"

"పెరిగాయి."

జబ్బు బయటపడిందే అవి పెరిగి. బావ కిటికీ వైపు తిరిగాడు. "దువ్వాడలో దిగిపోదాం. నాను ఇంటికెళ్లిపోతాను."

"డాక్టరమ్మ చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చో," అని కసిరాను. మళ్లీ ఫోన్ తీసి అదే అంకె చూశాను.

విశాఖ స్టేషన్ బయట ఆటోవాడు నూటయాభై అడిగాడు. బావని ఎగాదిగా చూసి, "పేషంటా? నూరు సాల్లే, ఎక్కండి," అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పోయిన వారం తీసిన ఎముక మజ్జ రిపోర్టు తిరగేసి నవ్వేసింది. "నాయుడుగారూ, అప్పుడు పెరిగినవి పని చేతగాని పచ్చి కణాలు. ఊరికే రెండు నాలుగవడమే వాటి పని. ఈ మందు వాటిని డీఎన్ఏకి నకలు తీసుకోనివ్వదు. చాలావరకు చచ్చిపోతాయి. కొన్ని మాత్రం చీలడం కుదరక, ఎదగడం మొదలుపెడతాయి. అందరిలోనూ ఇలా జరగదు, మీలో జరిగినట్టుంది. మజ్జలో పచ్చి కణాలు దాదాపు లేవు. ఇప్పుడు పెరిగినవి జ్వరాలతో పోరాడే మంచి కణాలు. మందు మాత్రం ఆపొద్దు."

గెలిచాం! బయటికొచ్చి బావని వాటేసుకున్నాను.

తిన్నగా ఫిషింగ్ హార్బర్ దగ్గరి మెస్సుకి వెళ్లాం. పొయ్యి మీంచి దించిన వంజరం చేప పులుసు వడ్డిస్తూ వంటామె, "ముల్లు సూసుకోండి నాయనా," అంది. బావ ముద్ద కలిపి ఆగిపోయి, ఎడం చేత్తో అక్కకి ఫోన్ చేశాడు.

"పైడమ్మా, తెల్లకణాలు పెరిగాయే!"

అవతల అక్క భోరుమంది.

"ఏడవకే పిచ్చిదానా. ఈసారి పెరిగినవి మనోళ్లే!" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఇలాంటి పని మీద విశాఖ వచ్చేవాళ్లకి ఒక్క మాట: రిపోర్టు ఫోన్‌కి వచ్చినా, డాక్టరు ఎదుట కూర్చునేదాకా తెరవకండి. అదే అంకె చూసి మేం రైల్లో చచ్చాం, మధ్యాహ్నానికి బతికాం. ఆ రోజు బావ మూడుసార్లు పులుసు పోయించుకున్నాడు. నేను తినడం మానేసి అతన్నే చూస్తూ కూర్చున్నాను.