ఆకుపచ్చ పీలిక కట్టిన సాళ్లు

"నువ్వే ఇడిసిపెట్టి ఉంటవ్. ఈ సాళ్లు నీయి కాకపోతే ఎవరియి?"

శైలజక్కను నిలదీస్తున్న చేను గలాయన బాలన్న గొంతు అది. నేను మగ సాళ్లలో వంగి పూలు తెంపుతున్నాను. తల ఎత్తలేదు.

అయిజ పక్కన విత్తన పత్తి చేను. సాయంత్రం ఆడ సాళ్లలో మొగ్గల్ని ఒలిచి పుప్పొడి తీసేసి, పొద్దున వాటికి మగ పూలు రుద్దాలి. ఒలవని మొగ్గ విచ్చుకుంటే తన పుప్పొడే తనకు పడి కల్తీ గింజ కడుతుంది. ఎవరు వదిలేశారో తెలియాలని ఎవరి సాళ్లకు వాళ్ల రంగు గుడ్డపీలిక కడతారు. ఆకుపచ్చది శైలజక్కది. ఈ పొద్దున అక్కడే బారుగా పూలు విచ్చుకుని ఉంటే విత్తన కంపెనీ మనిషి చూసిపోయాడు. ఇంకోసారి కనిపిస్తే విత్తనానికి పనికిరాదని చేనునే కొట్టేస్తానన్నాడట.

శైలజక్క బీఎడ్ చదివింది. టీచరు పరీక్షకు తయారవుతోంది. ఈ పని ఉంటేనే ఆ చదువు. డిగ్రీ మధ్యలో మానేసిన నాకు మొగ్గలు ఒలుస్తూనే ఇంగ్లీషు చెప్పేది. పొద్దున నేల తడిగా ఉందా, రాత్రి వాన పడే ఉంటుంది, 'మస్ట్ హావ్'. ఏమో, పడి ఉండొచ్చు, 'మైట్ హావ్'. పడాల్సింది, పడలేదు, 'షుడ్ హావ్'. అన్నీ అయిపోయాక మాట్లాడే మాటలే అని నవ్వేది.

పక్క సాళ్ల అమృతమ్మ అందుకుంది. "పంతులమ్మ గదా. మొగ్గలకు గూడ ఇంగ్లీషు చెప్పిందేమో, అవి ఇనలే."

ఎవరో నవ్వారు. శైలజక్క నవ్వలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు బాలన్న.

నిన్న సాయంత్రం ఆమె చేనులో లేదు. ఎవరికీ చెప్పకుండా గద్వాలలో మాక్ టెస్టు రాయడానికి వెళ్లింది. తన మూడు సాళ్లూ నాకు అప్పజెప్పింది. రెండు పూర్తి చేశాను. మూడోది సగంలో నడుము పట్టేసింది. చీకటి పడుతోందని నాకు నేనే సాకు చెప్పుకుని ఇంటికి పోయాను. చేయాల్సింది. చేయలేదు.

ఆమె సంచి భుజాన వేసుకుని నా వైపే వచ్చింది. నా చేతిలో పూలు నలిగిపోతున్నాయి.

"చీకటైందక్కా. ఒకటో రెండో మిగిలి ఉండొచ్చు" అని గొణిగాను.

"ఉండొచ్చు గిండొచ్చు నాకొద్దు తమ్మీ. నిన్న నేను లేనని నేనే చెప్త. నువ్వు చేసింది నువ్వు చెప్పు. జర నా ఎంట బాలన్న దగ్గరికి రా."