దారం వాటా

ఆ పల్లెలో దాలమ్మ పేనిన దారానికి పేరుండేది. జనుపనారను నానబెట్టి, చీల్చి, మోకాలి మీద వేసుకుని అరచేత్తో పురి పెడితే ఎక్కడా సన్నమూ లావూ తేడా ఉండేది కాదు. టెక్కలికి తూర్పున, ఉద్దానం కొబ్బరితోటలు దాటాక, ఇసుకలో ఉన్న పల్లె అది. భర్తను సముద్రం తీసుకుపోయిన పదకొండేళ్లుగా ఆమె, చూపు పోయిన అత్త జోగమ్మ ఆ దారం మీదే బతికారు. వల కట్టిన దారం ఆమెది గనుక, పడవ ఒడ్డుకు వచ్చినప్పుడల్లా చేపల్లో ఆమెకో వాటా ఉండేది. దాన్ని దారం వాటా అనేవారు. ఆ చేపలు తోటల ఊళ్లలో ఇచ్చి గింజలు తెచ్చుకునేది. నారవల ఉప్పునీళ్లకు ఏడాదిలో కుళ్లిపోయేది. వల కుళ్లితే జాలర్లకు నష్టం, దాలమ్మకు తిండి.

1967లో జాలర్ల సొసైటీకి నైలాన్ వలలొచ్చాయి. సగం ఖర్చు ప్రభుత్వానిది. దాలమ్మ తమ్ముడు గోవిందు మరో ఐదుగురితో కలిసి ఒకటి తెచ్చుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి వచ్చి, గుమ్మం బయటే చాలాసేపు నిలబడ్డాడు.

“నారవలైతే రోజూ ఎండెయ్యాల, తుమ్మబెరడు కసాయంలో ముంచాల. ఇదైతే తడితడిగానే మల్లీ సంద్రానికి ఎల్లిపోవచ్చప్పా. ఎన్నాళ్లైనా కుళ్లదట.”

“మరి నా వాటా?”

“నానొక్కడ్నే అయితే ఇద్దును. ఆరుగురం. నీ దారం నేని వలకి వాటా ఏటని ఆళ్లంతన్నారు.”

దాలమ్మ అతన్ని తిట్టలేదు. తమ్ముడికి నలుగురు పిల్లలు. అతని స్థానంలో తానున్నా ఆ వలే తెచ్చుకునేది. ఆ సంగతి తనకే తెలియడం ఆమెకు మరీ కష్టంగా ఉంది. తిట్టుకోవడానికి మనిషంటూ ఎవరూ దొరకలేదు.

కొన్నాళ్లు గోవిందు తన వంతులోంచి నాలుగు కవళ్ల చేపలు పంపేవాడు. తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత గుర్తొచ్చినప్పుడు. మిగతా పడవలవాళ్లు కూడా ఒక్కొక్కరే నైలాన్‌కు మారిపోయారు. దాలమ్మ పేని చిలకలుగా చుట్టిన దారం చుట్టలు చూరుకి వేలాడుతూ ఉండిపోయాయి.

ఒకనాడు ఆ దారం చిలకలు మూటకట్టుకుని టెక్కలి వెళ్లింది. చేపల శాఖ ఆఫీసులో శేషగిరి అనే గుమాస్తా ఆమెను కూర్చోబెట్టి అంతా విన్నాడు. దారం చేత్తో తడిమి, “ఎంత బాగా పేనావమ్మా,” అన్నాడు. తర్వాత కాగితాలు తిరగేశాడు.

“వలకి సబ్సిడీ ఉందమ్మా, దారానికి లేదు. నూలు వడికేవాళ్లకి స్కీము ఉంది. నీది జనుము. పడవ ఉన్నవాళ్లకి లోను ఉంది. నీకు పడవ లేదు.”

“ఇంకో పుస్తకంలో సూడు బాబూ.”

శేషగిరి మంచివాడు. ఇంకో పుస్తకంలోనూ చూశాడు. చివరికి తన క్యారేజీలో అన్నం సగం ఆకులో పెట్టి ఇవ్వబోయాడు. దాలమ్మ వద్దంది. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు, తీసుకుని అత్తకు పట్టుకెళ్లవలసిందని కుమిలిపోయింది.

ఆ వారంలోనే ఒక పూట, జోగమ్మ గంజినీళ్లలో మెతుకుల కోసం వేలితో వెతుక్కుంటూ కనిపించింది. దాలమ్మ కాసేపు చూసి లేచింది. మిట్టమధ్యాహ్నం, మగాళ్లు నీడపట్టున పడుకున్న వేళ, చేపలు కోసే కత్తి తీసుకుని ఒడ్డుకు వెళ్లింది. గోవిందు వాళ్ల నైలాన్ వల ఇసుకలో పోగేసి ఉంది. మూడు బారల మేర కోసేసింది. నారకంటే గట్టిగా ఉంటుందనుకుంది. తేలిగ్గానే తెగింది.

సాయంత్రానికి పల్లెంతా గోలయింది. వేట హద్దుల గురించి పక్క పల్లెతో పాత తగాదా ఉంది. ఇది వాళ్ల పనేనని అందరూ తీర్మానించుకుని తెడ్లు, గెడలు పట్టుకుని బయలుదేరారు. ముందు గోవిందు ఉన్నాడు. ఎవరి తలో పగలడం ఖాయమని తెలిసి, దాలమ్మ పరుగున వెళ్లి దారికి అడ్డంగా నిలబడింది.

“ఆళ్లు కాదు. నానే కోసీసినాను.”

గోవిందు తెడ్డు దించలేదు. “ఎందుకప్పా?”

“అది కుళ్లనేదు కదరా,” అంది.

కులపెద్ద లోకనాథం ముందుకొచ్చి, “తిండి నేక సేసింది. తప్పు సొమ్మెయ్యద్దు. ఇంటికిన్ని గింజలేసి పొండి,” అన్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె ఒడిలో బియ్యం పోశారు. కొట్టి ఉంటే దాలమ్మ ఓర్చుకునేది. కవళ్లు బాగా పడే కాలంలోనే వారం రోజులు ఆ పడవ కదల్లేదు. వల పోయిన ఆ ఆరిళ్ల బియ్యం కూడా తన కుండలోనే ఉడికింది. వల బాగుచేయడానికి తానూ కూర్చుంది గాని, నైలాన్ ముడి ఆమె వేళ్లలో జారిపోయింది. కొత్త కోడళ్లు ఆ ముడి రెండు రోజుల్లో నేర్చుకున్నారు.

ఆ బియ్యం అయిపోయిన రోజున అత్తను వెంటబెట్టుకుని పలాస వెళ్లిపోయింది. అక్కడ ఒక బట్టీలో జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరింది. జీడి రసానికి వేళ్లు బొబ్బలెక్కి, తోలు ఊడి, నల్లబడ్డాయి. రాత్రి బూడిద రాసుకునేది. తిండికి మాత్రం లోటు లేదు. జోగమ్మ రైలు మోత విని రోజూ అడిగేది, “సంద్రం ఏ పక్కనే?” అని.

మాఘమాసంలో గోవిందు వెతుక్కుంటూ వచ్చాడు.

“రా అప్పా. ఉన్నదే తిందాం.”

“అత్తని తీసుకుపో. సంద్రం మోత నేక దానికి నిద్దర పట్టడం నేదు.”

“మరి నువ్వు?”

“నానక్కడ తింటే నీ పిల్లల కంచంలోదే తినాల తమ్ముడా.”

గోవిందు కాదనలేకపోయాడు. అదే ఆమెకు తగిలింది. ఒక్కసారి కాదంటాడని చూసింది.

వేసవిలో జోగమ్మ గోవిందు ఇంట్లో పోయింది. కబురు మూడు రోజులకు అందింది. దాలమ్మ వెళ్లేసరికి ఇల్లు అలికేసి ఉంది, గోవిందు అన్నీ జరిపించేశాడు. ఆమె సముద్రంలో మూడు మునకలు వేసి, తడి చీర పిండుకుని, సాయంత్రం బస్సుకే పలాస తిరిగి వచ్చింది. మర్నాడు పనికి రాకపోతే బట్టీలో ఆ చోట ఇంకొకరిని కూర్చోబెడతారు.