బందరు హోటల్ గదీ, పెడన వంటగదీ

నా తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీకు పొద్దుపోతుంది, నాకు పరువు పోతుంది. అందుకని ఒక్కటే చెబుతాను. ఇందులో ఎవరికీ కాలూ చెయ్యీ విరగలేదు. అయినా మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద ప్రమాదం జరగలేదని మా ఆవిడ అనసూయ నేటికీ అంటుంది.

నేను రిటైరైన కొత్తలో మాట. ఒకరోజు నాలుగోసారి కాఫీ అందిస్తూ అనసూయ అడిగింది.

"మీకు రిటైర్మెంటు వచ్చింది. మరి నాకెప్పుడండీ?"

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"ఏం కావాలో కోరుకో" అన్నాను, వరాలిచ్చే దేవుడిలా.

"రెండు రోజులు హోటల్లో ఉందాం. పొద్దున్నే ఎవరైనా నాకు కాఫీ తెచ్చివ్వాలి. పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది, ఇంకొకరు పెట్టిన కాఫీ మంచం మీద కూర్చుని తాగి ఎరగను."

ఆ ఇంకొకరు నేనైనా కావచ్చన్న సంగతి ఈ దేవుడికి తట్టలేదు. బందరులో హోటల్ గది మాత్రం బుక్ చేశాను. మా గుడివాడ నుంచి ప్యాసింజర్ రైల్లో చేలు చూసుకుంటూ తీరిగ్గా వెళ్ళడం, రెండు రోజులు సముద్రపు గాలి పీల్చుకుని రావడం. అనసూయ వారం ముందే చీరలు ఇస్త్రీ చేయించింది. బయల్దేరే రోజు గ్యాస్ కట్టేసి, "రెండు రోజులు నీ మొహం చూడను" అని పొయ్యితో చెప్పి మరీ వచ్చింది.

రైలు కౌతవరం దాటింది. అనసూయ కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. సరిగ్గా అప్పుడు నాకు మర్యాద గుర్తొచ్చింది. మా అక్కా బావా ఉండేది పెడనలో. బందరుకి ముందొచ్చే ఊరే అది. వాళ్ళ ఊరి మీదుగా వెళ్తూ చెప్పకపోతే, రేపు తెలిస్తే ఏమనుకుంటారు? ఫోన్ తీశాను.

"ఎవరికండీ?"

"బావకి. మేం రావడం లేదని చెబుతాను."

"రానప్పుడు చెప్పడం దేనికి?"

ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో సెల్‌ఫోన్లు లేవు కాబట్టి అనగలిగారు.

"హోటలా? మేం బతికుండగా హోటలా?" అని అరిచాడు బావ. "రైలెక్కడుందయ్యా?"

"వడ్లమన్నాడు స్టేషన్లో. పెడన ఇంకా రాలేదు" అని చెప్పేశాను. చూశారా, అబద్ధం కూడా చేతకాదు.

పెడనలో రైలాగీ ఆగకముందే బావ పెట్టెలోకెక్కి, మా బ్యాగు తీసుకుని దిగిపోయాడు. బ్యాగు దిగాక మనుషులు దిగక చస్తారా?

"గది బుక్ చేశాం బావా..."

"క్యాన్సిల్ చేసెయ్. మీ అక్క వింటే గుండాగిపోద్ది."

అనసూయ నా వైపు చూసింది. 'మేం రామని ఒక్క మాట చెప్పండి' అన్న చూపది. నేను ఆ ఒక్క మాట చెప్పాను.

"ఒక్క పూటేగా, ఉండి వెళ్దాంలే."

ఇంటికి వెళ్ళేసరికి అక్క మంచం మీద ఉంది. "నడుం పట్టేసిందే అమ్మాయ్! దేవుడే పంపించాడు నిన్ను."

ఆ దేవుడు చెప్పులు విప్పుకుంటున్నాడు. బావ అప్పటికే వియ్యంకుడి కుటుంబానికి ఫోన్ చేసేశాడు. "మా చెల్లెమ్మ వచ్చింది, చేపల పులుసు తిందురుగాని రండి!" పదకొండు మందిమయ్యాం. ఒక్క పూట కాస్తా రెండు రోజులైంది. అడుసు తొక్కింది నేను, కాళ్ళు కడుక్కుంది ఆవిడ.

రెండో రోజు పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కాఫీ గ్లాసుతో అనసూయ.

"హోటల్ వాళ్ళు పంపించారు, తాగండి."

సిగ్గేసింది. తాగాననుకోండి.

"పోనీ ఇప్పుడైనా బందరు వెళ్దామా?" అన్నాను, గ్లాసు కింద పెట్టి.

"వద్దండీ, ఇంటికెళ్దాం. అక్కడైతే ఇద్దరికే వండాలి."

గుడివాడ స్టేషన్లో దిగాక, ప్లాట్‌ఫారమ్ మీద కుడిచెయ్యి చాచి గంభీరంగా ప్రమాణం చేశాను. "ఇకమీదట మనం ఎక్కడికి వెళ్ళినా, ఆ దారిలో నా సొంత తోడబుట్టినవాళ్ళే ఉన్నా, ఫోన్ ముట్టుకోను. ఒట్టు!"

అనసూయ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ఫోన్ చేసుకోండి, ఫర్వాలేదు. నేను రావడం లేదుగా."

ఆ ఒట్టు ఇంతవరకూ తప్పలేదు. ఆ చీరల ఇస్త్రీ కూడా నలగలేదు.